నగరపు అంచున కొండసింహము



నేడు నేను ముచ్చటింపబోవు మృగము మన దేశమున లేదు. మన పురాణములయందును దాని ప్రసక్తి లేదు. అమెరికా పశ్చిమ సముద్రతీరమందలి కాలిఫోర్నియా రాష్ట్రములో లాస్ ఏంజెలెస్ అను మహానగరము కలదు. ఇంచుమించు కోటిమంది జనము నివసించు ఆ నగరప్రాంతము నానుకొనియున్న కొండలలో, ఇండ్ల పెరళ్లకు కూతవేటు దూరమున, కొండసింహ మను క్రూరమృగము కాపురము చేయుచున్నది. మనుష్యుని ప్రక్కన బ్రదుకుటకు అది యేమేమి నేర్చుకొన్నదో, ఏమి నేర్చుకొనలేకపోయినదో చెప్పుట నా సంకల్పము.

ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు శబ్దమంజరియు బాలవ్యాకరణమును చెప్పుకొని పింఛను పుచ్చుకొనుచున్న వానికి ఈ మృగముతో పని యేమని మీ రడుగవచ్చును. పని నాకై నేను కల్పించుకొన్నది కాదు. నా జ్యేష్ఠపుత్రికయు అల్లుడును ఆ నగరమునకు పడమటగా కొండల పాదమున ఇల్లు కొనుక్కొని యున్నారు. ఒకనాటి రాత్రి ఒంటిగంట దాటిన పిదప, వాకిట నమర్చిన కెమెరాలో, దూడంత పొడవును బారెడు తోకయు గల యొక పిల్లి పెరటిగోడ వెంబడి నడచిపోవుట కనబడినదట. ఉదయముననే అమ్మాయి నాకు ఫోను చేసి, "నాన్నగారూ, పిల్లది రోజూ ఆడుకునే చోటే నడిచింది. ఇల్లు అమ్మేసి వెళ్లిపోదామా అనుకుంటున్నాం. మీరేమంటారు?" అని యడిగెను. మనుమరాలికి అప్పుడు ఆఱవయేడు. నే నేమందును? తెలియని విషయమున పెద్దఱికము చూపుట పెద్దఱికము కాదు గదా! "నేను వచ్చి చూచి చెప్పెదను" అంటిని. ఆ వేసవిలో పోయి నాలుగు నెలలు అచ్చటనే యుంటిని. నాకు వచ్చినంత యింగ్లీషుతోను, రానిచోట అల్లుని సాయముతోను, దొరకిన పుస్తకములన్నియు చదివితిని. ఆ కొండలను సంరక్షించు జాతీయోద్యానశాఖవారి సందర్శకశాలకు పలుమారులు పోయి, అచ్చటి ఉద్యోగులను విసిగించి యడిగి తెలిసికొంటిని. ఆ తెలిసికొన్నదియే మీకు చెప్పుచున్నాను.

ముందుగా పేరును గుఱించి యొక మాట. సింహశబ్దము హింసార్థకమైన ధాతువునుండి వర్ణములు తారుమారగుటచే పుట్టినదని మన వైయాకరణులు చెప్పుదురు. అమెరికాకు వలసపోయిన తెల్లవారు ఈ మృగము వన్నె చూచి సింహ మనిరి గాని, ఇది సింహజాతిది కాదు. దీనికి జూలు లేదు. ఇది గర్జింపలేదు. పెంపుడు పిల్లివలె గుఱగుఱలాడును. ఒకప్పుడు ఆడది చీకటిలో కీచుమని యఱచును. పండితులు దీనిని పెద్దపులి, సింహము, చిరుతపులి గల తెగలో గాక పిల్లుల తెగలో చేర్చియున్నారు. మన రాజులు పూర్వము వేటకు మచ్చిక చేసిన చీటా దీనికి దగ్గఱి చుట్టము. ప్యూమా యనియు కూగర్ అనియు దీనికి వేఱుపేర్లు గలవు. ప్యూమా యనునది దక్షిణ అమెరికాలోని క్వెచువా భాషలోని మాట. ఉత్తరమున కెనడా మంచుసీమ మొదలు దక్షిణాన ఖండపు కొనదాక ఇది వ్యాపించియున్నది. పెద్ద మగది 55 మొదలు 70 కిలోల వఱకు తూగును. ఆడది అంతకంటె చిన్నది. ఒంటిరంగు లేడివన్నె. కూనలకు మాత్రము పుట్టుకతో మచ్చలుండి క్రమముగా మాసిపోవును.

ఇక దాని జీవనము. ఆ కొండలలో మ్యూల్ డీర్ అను జింకలు గలవు. కంచరగాడిద చెవులవంటి పెద్ద చెవులు గలవి కాన వాని కాపేరు వచ్చినది. కొండసింహమునకు ముఖ్యాహార మదియే. ఇంచుమించు వారమున కొక జింకను చంపును. తినగా మిగిలినదానిని ఆకులతోను మట్టితోను కప్పిపెట్టి, మరల మరల వచ్చి తినును. వారమున కొక జింక దొరకవలెనన్న ఎంతటి యడవి కావలయునో మీరే యూహింపుడు. ఒక మగకొండసింహము సాధారణముగా 150 చదరపు మైళ్లకు తక్కువగాని నేలను తనదిగా నేలుకొనును. ఎకరములలో చెప్పినచో 96,000. ఆ యేలుబడిలోనికి వేఱొక మగదానిని రానీయదు. మా అమ్మాయి యింటి వెనుకనున్న సాంటా మోనికా పర్వతములన్నియు గలిపినను రమారమి 240 చదరపు మైళ్లు మాత్రమే. దక్షిణమున సముద్రము, తూర్పున నగరము, ఉత్తరమున పదివరుసల మోటారు మార్గము. ఒకటి రెండు పెద్ద మగవానికి తప్ప అందులో చోటు లేదు. ఈ లెక్క జ్ఞాపకముంచుకొనుడు. పిమ్మట దీనితో మనకు పని గలదు.

2002వ సంవత్సరము మొదలుకొని జాతీయోద్యానశాఖవారు ఈ మృగములను పట్టి, మత్తుమందిచ్చి, మెడకు రేడియో పట్టె కట్టి విడుచుచున్నారు. ఆ పట్టె ఉపగ్రహముల సాయమున మృగమెచ్చట నున్నదో తెలుపుచుండును. ప్యూమా అనుటకు గుర్తుగా 'పి' అను అక్షరమును, దాని ప్రక్క వరుస సంఖ్యయు ఉంచి, పి-1, పి-2 అని పేర్లు పెట్టిరి. ఇప్పటికి నూటికి మించినవానికి ఇట్లు పేర్లు పెట్టబడినవి.

నగరము ప్రక్కన బ్రదుకు మృగము క్రమముగా తెంపరియై, మనుష్యునకు వెఱవక వీధులలో తిరుగునని నేనును తలచితిని. ఆ పట్టెలు చెప్పిన వృత్తాంతము దీనికి పూర్తిగా విరుద్ధము. కొండసింహము ఊరిలోనికి వచ్చుట మిక్కిలి యరుదు. అది తిరుగునదంతయు పొదలలోను వాగుల వెంబడిని. ఇది స్వభావముచే సంధ్యాసమయములందు, అనగా తెల్లవాఱుజామునను మునిమాపునను, వేటాడెడి జంతువు. కాని ఆ కొండదారులలో ఉదయమున పరుగెత్తువారును, సాయంకాలమున సైకిళ్లు త్రొక్కువారును, కుక్కలను త్రిప్పువారును వేలకొలది. కావున జనసంచారము హెచ్చుగా నున్న చోట్ల కొండసింహములు సంధ్యలను మనుష్యులకు విడిచిపెట్టి నడిరాత్రిని తాము పుచ్చుకొన్నవని 2024లో ప్రకటింపబడిన యొక పరిశీలన తెలిపినది. జనము తక్కువగానున్న చోట అదే జాతి మృగము పూర్వపు వేళలనే పాటించుచున్నది. అనగా చేసికొన్న మార్పు ధైర్యము వలనిది కాదు, వెఱపు వలనిది.

ఈ వెఱపు ఎంతటిదో కనుగొనుటకు ఉత్తరమున సాంటా క్రూజ్ కొండలలో విశ్వవిద్యాలయమువారు ఒక తమాషాయైన పరీక్ష చేసిరి. కొండసింహము చంపి దాచుకొన్న జింక ప్రక్కన ఒక కెమెరాను, ఒక లౌడ్‌స్పీకరును చెట్టుకు కట్టిరి. మృగము వచ్చి తినుట కారంభింపగానే ఆ యంత్రము తనంత తానే పలుకును. ఒకప్పుడు కప్పల బెకబెకలు. మఱియొకప్పుడు మనుష్యులు మామూలుగా మాటలాడుకొను ధ్వని. కప్పలు కూసినపుడు మృగము దాదాపు లెక్కచేయలేదు. మనుష్యుని గొంతు వినబడినంతనే పెక్కుసారులు విస్తరి ముందునుండి లేచినట్లు లేచి పోయినది. మరల వచ్చుటకు చాల జాగు చేసినది. మొత్తముమీద తిను కాలము సగమునకంటె తక్కువకు పడిపోయినది. 2017లో దీనిని ప్రకటించిరి. నేనిది అల్లునిచే చదివించుకొని విని నవ్వుకొంటిని. నా పాఠము వినబడగానే లేచిపోయిన శిష్యులు నాకును కొందఱుండిరి. ఇప్పుడు నేను రేడియోలో చెప్పుచున్న ఈ ప్రసంగము నా కొండలలో వినిపించినచో ఒక మృగము పస్తుండుట నిశ్చయము.

కాని దీనియందు నవ్వరాని విషయమును కలదు. చంపిన జింకను కడుపార తినక విడిచిపోయిన మృగము ఆకలి తీఱుటకై వేఱొకదానిని చంపవలయును. ఇండ్లు దట్టముగా నున్న ప్రాంతములలోని ఆడకొండసింహములు, ఇండ్లు లేనిచోట నున్నవానికంటె నూటికి 36 జింకలను ఎక్కువగా చంపుచున్నవని అదే కొండలలో 2015లో తేలినది. కూనలను పెంచుకొను తల్లికి ఇది ఎంత శ్రమయో చెప్పనక్కఱలేదు. మనము ఏమియు చేయకున్నను, ఊరక పెరటిలో కూర్చుండి మాటలాడుకొన్నను, కొండమీద నొక జింకయు నొక తల్లియు దాని ఫలము ననుభవించుచున్నవి.

ఇట్లు ఒదిగియుండు విద్యలో ఆఱితేఱిన దొక మగమృగము. దాని పేరు పి-22. లాస్ ఏంజెలెస్ పట్టణమున అది యెఱుగని బాలుడు లేడు. సాంటా మోనికా పర్వతముల పడమటి భాగమున 2010 ప్రాంతమున పుట్టినది. యౌవనము రాగానే మగది తండ్రి యేలుబడిని విడిచి పోవలయును, లేకున్న తండ్రి చేతనే చచ్చును. ఇది తూర్పుగా బయలుదేరి, 405 అనియు 101 అనియు పేర్లుగల రెండు మహామార్గములను, రేయింబవళ్లు మోటారుకార్లు వెల్లువవలె పాఱు వానిని, ఎట్లు దాటినదో ఎవరును చూడలేదు. దాటి, నగరము నడుమనున్న గ్రిఫిత్ పార్కు అను కొండతోటను చేరినది. 2012 ఫిబ్రవరిలో ఒక జీవశాస్త్రజ్ఞుడు పెట్టిన కెమెరాలో మొదటిసారి కనబడినది. మార్చిలో మెడకు పట్టె కట్టిరి. 2013లో ఒక ప్రసిద్ధ పత్రికలో, వెనుక హాలీవుడ్ అను పెద్ద అక్షరములు వెలుగుచుండగా ముందు ఇది నడచిపోవు బొమ్మ అచ్చుపడి లోకమంతట వ్యాపించెను.

ఆ పార్కు వైశాల్యము ఏడు చదరపు మైళ్లు కూడ నిండదు. చుట్టుప్రక్కల కొండచఱియలు గలుపుకొన్నను దానికి దక్కినది ఎనిమిది తొమ్మిది చదరపు మైళ్లు. పెద్ద మగకొండసింహమునకు ఇంత చిన్న యేలుబడి మఱెచ్చటను చూడలేదని శాస్త్రజ్ఞులు చెప్పిరి. 150 ఎచ్చట, 9 ఎచ్చట! ఆ తోటలోనికి దినదినము వేలకొలది జనము వచ్చుచుందురు. వారి నడుమ అది పదియేండ్లు బ్రదికినది. జింకలను, కయోటీ లను నక్కజాతిని, రకూను లను చిన్న జంతువులను తిన్నది. పగలు పొదలలో పండుకొన్నది. రాత్రి తిరిగినది. ఒక్క మనుష్యుని మీద గోరు వేయలేదు. 2015 ఏప్రిలులో ఒక యింటి నేలక్రింది ఖాళీలో దూరి పండుకొనగా పనివాండ్రు చూచి కేక వేసిరి. అధికారులు వచ్చి కఱ్ఱలతో పొడిచిరి, టెన్నిసు బంతులు విసరిరి, అది కదలలేదు. పత్రికలవారు, టెలివిజనువారు వాకిట గుమిగూడిరి. రాత్రి యందఱిని పంపివేసి చడిలేకుండ జేయగా, తెల్లవాఱునప్పటికి ఖాళీ చోటు మాత్రము మిగిలినది. అది కోరినది అంతియే.

మఱుసటి యేడు జంతుశాలలో ఒక కోలా చచ్చియుండగా ఇదియే గోడదూకి చంపియుండునని యనుమానించిరి. కొందఱు దీనిని దూరముగా తరలింపుడనిరి. జంతుశాలవారు మిగిలిన కోలాలను భద్రమైన చోటికి మార్చిరి. మృగమును ఉన్నచోటనే యుండనిచ్చిరి. నా కా విషయము చదివినపుడు వింతగా తోచినది. పట్టణమంతయు ఒక క్రూరమృగమునకు కాపుగాయుట వెనుక ఒక చరిత్ర గలదు. అదే కాలిఫోర్నియాలో 1907 మొదలు 1963 వఱకు కొండసింహమును చంపినవారికి ప్రభుత్వమే బహుమతి యిచ్చెడిది. పండ్రెండువేలకు పైగా చంపబడినవి. 1990లో ప్రజలే ఓటువేసి దాని వేటను చట్టముచే మాన్పించిరి. తాతలు తోలుకు వెలగట్టిన మృగమునకు మనుమలు పేరు పెట్టుకొన్నారు.

అట్లని దానివలన నష్టమే లేదనుట కల్ల. 2016 నవంబరులో మాలిబూ కొండలలో పి-45 అనునది ఒకరి దొడ్డిలో దూఱి, పెరూదేశపు ఉన్ని జంతువులైన అల్పాకాలను పదింటిని చంపినది. తినునది ఒకటి, చంపునవి పది యేల? మందలో పడిన చిరుతను చూచినవారికి నేను చెప్పనక్కఱలేదు. అడవిలో ఒక జింకను పట్టగానే తక్కినవి పాఱిపోవును, అంతటితో వేట ముగియును. దొడ్డిలోనివి పాఱిపోలేవు, కంటియెదుట గంతులు వేయుచుండును, మృగము తన స్వభావముచే చంపుచునే యుండును. నా చిన్ననాట మా మేనమామగారి మేకలదొడ్డిలో ఒక రాత్రి చిరుత పడి ఏడింటిని చంపి ఒకదానినే యీడ్చుకొని పోయినది. దొడ్డికి చుట్టును ముండ్లకంచె నిలువెత్తున ఉండెను, పైన మాత్రము ఏమియు లేదు. కాలిఫోర్నియాలో అధికారులు చెప్పునది ఇదియే: గోడ యెత్తు చాలదు, పైకప్పు కావలెను. ఆ కొండలలో 2017 నుండి, పశువులను చంపిన కొండసింహమును వెంటనే చంపుటకు అనుమతి యీయక, ముందు దొడ్డిని బాగుచేయుటయు బెదరగొట్టుటయు చేయుమనుచున్నారు. అయినను 2020 జనవరిలో, పలుమారులు పశువులమీద పడిన పి-56 అనుదానిని అనుమతి పొంది చంపిరి. పశువును పోగొట్టుకొన్న గృహస్థుని దుఃఖము దుఃఖమే. దానిని నేను తేలికగా మాటలాడను.

ఇంతవఱకు చెప్పినది అది నేర్చుకొన్న విద్య. నేర్చుకొనుటకు వీలులేనివి రెండు కలవు.

మొదటిది ఎలుకల మందు. ఇండ్లలో ఎలుకలకు పెట్టెడి మందులలో కొన్ని రక్తము గడ్డకట్టకుండ జేయును. తిన్న యెలుక వెంటనే చావదు. కొన్నిదినములు తూలుచు తిరుగును. దానిని కయోటీ తినును, కయోటీని కొండసింహము తినును. విషము ఒక కడుపునుండి వేఱొక కడుపునకు ఎక్కుచు పోవును. జాతీయోద్యానశాఖవారు పరీక్షించిన కొండసింహములలో ఇంచుమించు అన్నిటి శరీరములందును ఈ విషము దొరకినది. 2014లో పి-22ను మరల పట్టిచూడగా, చక్కని ముఖమంతయు గజ్జితో మానైపోయి గుర్తుపట్ట వీలులేకుండెను. రక్తములో ఈ మందు కనబడెను. కె-విటమిను సూదిమందును గజ్జిమందును ఇచ్చి విడిచిపెట్టగా కోలుకొన్నది. కొన్ని మాత్రము కోలుకొనక చచ్చినవి. ఆ రాష్ట్రమువారు 2020లో చట్టము చేసి ఈ తెగ మందులలో తీక్ష్ణమైనవానిని చాలవఱకు కట్టడి చేసిరి. వెఱపు, ఒదుగు, ఓర్పు — ఏదియు దీనికి ప్రతిక్రియ కాదు. వాసన లేని శత్రువునుండి మృగమెట్లు తప్పించుకొనును?

రెండవది మార్గము. మోటారుకారు దెబ్బకు చచ్చుట యొకటి. ఏటేట అనేకములు అట్లు చచ్చుచున్నవి. అంతకంటె మెల్లగా చంపునది దాటలేకపోవుట. ముందు చెప్పిన లెక్కను జ్ఞాపకము చేసికొనుడు. ఒకటి రెండు మగవానికి మాత్రమే చోటుగల కొండలలో పుట్టిన మగకూనలు పోవుటకు త్రోవ లేదు. పోలేక నిలిచినవి పెద్దమగవాని చేత చచ్చుచున్నవి. బయటినుండి క్రొత్తమగది లోనికి రాలేదు. 2009లో పి-12 అనునది 101వ మార్గమును ఉత్తరమునుండి దాటివచ్చినది. అందఱును సంతోషించిరి, క్రొత్తరక్తము వచ్చెనని. కాని కొన్నాళ్లకు అది తన కూతురితోనే కూనలను కన్నది. వేఱు గతి యేది? సగోత్రము సప్రవరము చూచుకొను మనము ఈ మాట వినుటకే చెవులు మూసికొందుము. మృగములకు గోత్రము లేదు గాని, వానిలోను మగది పుట్టినచోట నిలువక దూరము పోవుట యను స్వభావమును సృష్టికర్త ఇందులకే పెట్టియున్నాడు. ఆ స్వభావమునకు మోటారుమార్గ మడ్డము వచ్చినది. 2020లో పి-81 అను మగదానికి తోకకొన వంకరగానుండుట, వృషణము దిగకుండుట కనబడినవి. తూర్పున ఫ్లోరిడా రాష్ట్రమున ఇదే జాతి ముప్పదికి లోపుగా తగ్గి, ఇట్టి లోపములతోనే నశింపనున్న సమయమున, 1995లో టెక్సాసునుండి ఎనిమిది ఆడవానిని తెచ్చి విడువగా తిరిగి పుంజుకొన్నది. కాన ఈ వంకరతోక చిన్న విషయము కాదని శాస్త్రజ్ఞులకు తెలియును. ఏమియు చేయకున్నచో ఏబది సంవత్సరములలో సాంటా మోనికా పర్వతములందు కొండసింహము అంతరింపవచ్చునని వారు లెక్కకట్టిరి.

2018 నవంబరులో గొప్ప కార్చిచ్చు పుట్టి ఆ కొండలలో ఇంచుమించు సగము మాడ్చివేసినది. కాలిన నేలలో దాగుటకు పొద లేదు. కొండసింహములు కాలినచోటిని విడిచి, పూర్వముకంటె ఎక్కువసారులు రోడ్లను దాటినవి, పగటివేళ తిరిగినవి; అయినను ఇండ్ల మధ్యకు మాత్రము రాలేదు. మనుష్యునికంటె మోటారుకారే నయమని యెంచినవి. పాపము, ఆ యెంపికలోనే పొరపాటు!

పి-22 కథయు అట్లే ముగిసినది. 2022 నవంబరులో ఒకరు త్రాటితో త్రిప్పుచున్న చిన్న కుక్కను చంపినది. ఇట్టి పని అది పూర్వమెన్నడు చేయలేదు గాన, ఏదియో తేడా వచ్చినదని డిసెంబరులో పట్టి పరీక్షించిరి. కారు తగిలి తలయెముక చిట్లియున్నది, మూత్రపిండములు చెడియున్నవి, వయస్సు పండ్రెండేండ్లు. డిసెంబరు 17వ తేదీన వైద్యులు దానికి బాధలేని మరణము నిచ్చిరి. 2023 ఫిబ్రవరిలో పట్టణమువారు నాటకశాలలో సంతాపసభ జరిపిరి, చోటు చాలలేదట. మార్చిలో ఆ నేల పూర్వవాసులైన జాతులవారు దానిని పుట్టిన కొండలలోనే తమ యాచారము చొప్పున ఖననము చేసిరి. పదియేండ్లు ఒంటరిగా, ఒక్క ఆడతోడు నెఱుగక, తొమ్మిది మైళ్లలో ఒదిగిన మృగమది.

లిబర్టీ కాన్యన్ అనుచోట 101వ మార్గముమీద, దినమునకు మూడులక్షల బండ్లు పోవుచోట, మృగములకై యొక వంతెన కట్టుటకు 2022 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. మనుష్యులు నడచుటకు గాదు. పొడవు రమారమి 210 అడుగులు, వెడల్పు 170 అడుగుల పైచిలుకు. పైన మట్టిపోసి, ఆ కొండలలోని గింజలతోనే పెంచిన మొక్కలను నాటి, దీపముల వెలుగును బండ్ల రొదయు తెలియకుండ ప్రక్కల గోడలు పెట్టునట్లు దాని యేర్పాటు. నేను అమ్మాయితో కారులో పోవుచు దానిని క్రిందనుండి చూచితిని. మన యూరి చెఱువుగట్టును ఆకాశమున నిలిపినట్లుండెను.

మన దేశమునకు వత్తము. బొంబాయి నగరము నడుమ సంజయ్ గాంధీ జాతీయోద్యానమున, నలుబది చదరపు మైళ్ల యడవిలో, చిరుతపులులు నలుబదికి పైగా గలవని 2018 నాటి గణన. అవి వీధికుక్కలను తిని బ్రదుకుచున్నవి. కొండసింహమును చూచి చిరుతను నమ్మరాదని మాత్రము మీకు గట్టిగా చెప్పుచున్నాను. కాలిఫోర్నియా రాష్ట్రమంతట 2004 జనవరి తరువాత మరల కొండసింహము చేత మనుష్యుడు చచ్చినది 2024 మార్చిలో, ఇరువదియేండ్లు. చిరుత యట్టిది గాదు. 2023 ఆగస్టులో తిరుమలకొండ నడకదారిలో ఆఱేండ్ల బాలిక చిరుతకు బలియగుట మనమందఱము విని కంట తడిపెట్టితిమి. పిమ్మట అచ్చట మధ్యాహ్నము దాటిన తరువాత పిల్లలను ఆ దారిని పోనీయకుండుటయు, నడచువారికి కఱ్ఱలిచ్చుటయు చేసిరి. జాగ్రత్తలు మాత్రము రెండిటికిని కొంత యొక్కటియే. ఎదురైనచో వెన్నిచ్చి పరుగెత్తరాదు, వంగరాదు, పిల్లను చంకకెత్తుకొని, చేతులు పైకెత్తి, బిగ్గఱగా కేకలువేయుచు మెల్లగా వెనుకకు నడువవలెను. చీకటి పడునప్పటికి మేకలు కప్పుగల పాకలో నుండవలెను.

అమ్మాయి యిల్లు అమ్మలేదు. పిల్ల యాడుకొనుచోటి చుట్టునున్న పొదలను కొట్టించితిమి. ఎలుకలమందు పెట్టువానిని మాన్పించి బోనులు తెప్పించితిమి. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట పిల్ల ఒంటరిగా పెరటిలోనికి పోరాదని కట్టడి చేసితిమి. మనుమరాలు నా యొడిలో చేరి, "తాతయ్యా, అది మళ్లీ వస్తుందా?" అని యడిగెను. "వస్తుందమ్మా. నువ్వు నిద్రపోయాక వస్తుంది, నువ్వు లేవకముందే పోతుంది" అంటిని.

నేను తిరుగుప్రయాణమగుటకు వారము ముందు మరల కెమెరాలో పడినది. అల్లుడు ఉదయమున చూపెను. రెండుగంటల వేళ, గోడమీద నిలిచి, కొండవైపు గాక మా గదుల వైపు చూచుచున్నది. ఒక్క క్షణము అట్లే యున్నది. ఇంతలో లోపలినుండి ఎవరో దగ్గినట్లు వినబడినది. తోక యొకసారి మెఱసి, తరువాత గోడ మాత్రమే మిగిలినది. ఆ రాత్రి నాకు దగ్గు వచ్చిన మాట నిజమే.